ఓటు అక్కడ.. ఊరు ఇక్కడ
విలీన మండలాలకు అయిదేళ్లు సభలో గొంతు కరువు

కూనవరం: శబరి, గోదావరి తీరాల కోయలు, కొండరెడ్లు 2014 ఏప్రిల్ 30న భద్రాచలం నియోజకవర్గానికి ఓటు వేశారు. సీపీఎం అభ్యర్థి సున్నం రాజయ్య గెలిచారు. నెల తిరగకుండానే ఆర్డినెన్సు వచ్చింది. పోలవరం ముంపు పేరిట చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాలతో పాటు భద్రాచలం పట్టణం మినహా ఆ మండల గ్రామాలు తూర్పుగోదావరిలో కలిశాయి. జూలైలో పార్లమెంటు ఆమోదించింది.

చిక్కు ఇక్కడే వచ్చింది. రాజయ్య కూర్చున్నది తెలంగాణ శాసనసభలో. ఆయన స్వగ్రామం సున్నంవారిగూడెం మాత్రం వరరామచంద్రపురం మండలంలో, అంటే ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. పునరావాసం, పరిహారం నిర్ణయించేది ఆంధ్ర ప్రభుత్వం. అక్కడి సభలో అడిగేందుకు ఈ గిరిజనులు ఎన్నుకున్న సభ్యుడు అప్పట్లో లేకపోయారు. కలెక్టరుకు మొర పెట్టుకోవాలన్నా అప్పట్లో మారేడుమిల్లి ఘాట్ దిగి కాకినాడ చేరవలసి వచ్చేది. బస్సులో తిరిగే ఎమ్మెల్యేగా పేరొందిన రాజయ్యకు సైతం సరిహద్దు అడ్డుపడింది.

2019లో గానీ వీరికి రంపచోడవరం నియోజకవర్గంలో ఓటు దక్కలేదు. రాజయ్య అక్కడ పోటీచేసి ఓడారు. నాగులాపల్లి ధనలక్ష్మి గెలిచారు. 2020 ఆగస్టులో ఆయన కరోనాతో కన్నుమూశారు.

అసలు తగవు కాంటూరు లెక్కలది. తొలిదశ పునరావాసానికి 41.15 మీటర్ల లోపు గ్రామాలనే తీసుకున్నారు. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటినపుడు ఆ జాబితాలో లేని ఊళ్లూ మునిగాయి. తమనూ తొలి జాబితాలో చేర్చాలన్నది ఆ గ్రామస్థుల డిమాండు.