చిన్న ప్రాణానికి పెద్ద మూత్రపిండం.. తొలి రోజులే కీలకం

మూత్రపిండాలు పూర్తిగా దెబ్బతిన్న పిల్లలకు మార్పిడి శస్త్రచికిత్స కొత్త జీవితాన్నిస్తుంది. అయితే శస్త్రచికిత్స ముగిసినంత మాత్రాన గండం గడిచినట్లు కాదు. ఇంటెన్సివ్ కేర్ విభాగంలో గడిచే తొలి రెండు మూడు రోజులు అత్యంత కీలకం.

పిల్లలకు అమర్చేది చాలా సందర్భాల్లో తల్లిదో, తండ్రిదో మూత్రపిండమే. పది కిలోల బరువున్న చిన్నారి శరీరంలో మొత్తం రక్తం సుమారు 800 మిల్లీలీటర్లు. పెద్దల మూత్రపిండం నిండటానికే దాదాపు 200 మిల్లీలీటర్లు కావాలి. రక్తపోటు పడిపోతే కొత్త అవయవానికి రక్తం అందదు. రక్తనాళాల్లో గడ్డకట్టే ముప్పూ ఉంటుంది. అందుకే తొలి రోజుల్లో రక్తపోటును ఆ వయసు పిల్లలకు ఉండాల్సిన దానికన్నా కొంత ఎక్కువగానే ఉంచుతారు.

చుక్క చుక్కకూ లెక్క

బిడ్డ విసర్జించే మూత్రాన్ని గంట గంటకూ కొలిచి, మొదట్లో దాదాపు అంతే పరిమాణంలో ద్రవాలను సెలైన్ ద్వారా ఎక్కిస్తారు. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. తక్కువైతే మూత్రపిండం దెబ్బతింటుంది. రక్తంలో సోడియం బాగా తగ్గితే మూర్ఛ రావచ్చు. మూత్రం హఠాత్తుగా తగ్గితే ముందుగా గొట్టంలో ఏదైనా అడ్డుపడిందేమో చూస్తారు. ఆపై డాప్లర్ స్కాన్‌తో రక్తప్రసరణను పరిశీలిస్తారు.

కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా ఇచ్చే మందులు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. సందర్శకులను పరిమితం చేయడానికి, చేతుల శుభ్రతపై పట్టుబట్టడానికి కారణమిదే. దాత తల్లే అయితే ఆమె కూడా అదే సమయంలో మరో వార్డులో కోలుకుంటూ ఉంటుంది. బిడ్డ వద్ద ఎవరుండాలో కుటుంబం ముందే నిర్ణయించుకోవాలి.

ఇంటికి చేరాక

టాక్రోలిమస్ వంటి మాత్రలను రోజూ నిర్ణీత వేళకే వేయాలి. పంపరపనస ఈ మందు మోతాదును రక్తంలో పెంచే అవకాశమున్నందున దానికి దూరంగా ఉంచాలి. సజీవ సూక్ష్మక్రిములతో తయారైన టీకాలను సాధారణంగా మార్పిడికి ముందే పూర్తి చేస్తారు. జ్వరం, మూత్రం తగ్గడం, ఒంట్లో వాపు, అమర్చిన చోట నొప్పి కనిపిస్తే ఆలస్యం చేయకుండా వైద్యులను సంప్రదించాలి.

యుక్తవయసులో ఆరోగ్యంగా ఉన్నామన్న ధీమాతో కొందరు మాత్రలు మానేస్తుంటారు. అలా పోయిన మూత్రపిండం తిరిగి కోలుకోవడం కష్టం. మళ్లీ డయాలసిస్ తప్పని పరిస్థితి రావచ్చు. మాత్ర వేసే వేళను తల్లిదండ్రులు గుర్తుచేస్తూనే, ఆ బాధ్యతను బిడ్డకు చిన్ననాటి నుంచే కొద్దికొద్దిగా అలవాటు చేయాలి.