గండికోట తేదీ, తుమ్మలపల్లె నీళ్లు: విద్యార్థి పరిశోధన రాతకు దారి

గండికోట గురించి వచ్చిన వ్యాసాలు చదివితే ఒక వాక్యం పదే పదే కనిపిస్తుంది. కళ్యాణి చాళుక్య ప్రభువు ఆహవమల్ల సోమేశ్వరుడి సామంతుడైన కాకరాజు 1123లో ఈ కోట కట్టించాడని దాని సారాంశం. కొన్నిచోట్ల కాకరాజు కాపరాజు అవుతాడు. జమ్మలమడుగులో చరిత్ర ప్రాజెక్టు రాసే విద్యార్థి ఆ వాక్యాన్నే తెచ్చి తన మొదటి పేజీలో పెట్టుకుంటాడు.

ఇప్పుడు చాళుక్యుల రాజావళి తెరిచి చూద్దాం. ఆహవమల్ల బిరుదుతో పేరుపడిన మొదటి సోమేశ్వరుడు 1042 నుంచి 1068 వరకు పాలించాడు. 1123 నాటికి ఆయన పోయి 55 ఏళ్లు. అప్పుడు రాజ్యం చేస్తున్నది ఆయన కొడుకు ఆరో విక్రమాదిత్యుడు. అదే బిరుదున్న రెండో తైలపుడు ఇంకా ముందువాడు. అంటే ఒకే వాక్యంలో ఉన్న రాజుకూ తేదీకీ పొసగడం లేదు. రెండింటిలో ఒకటైనా తప్పై ఉండాలి.

ఇది కనిపెట్టడానికి ఎవరికీ అందని పత్రాలేమీ అక్కర్లేదు. రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని, ఈ మాట వీళ్లకు ఎలా తెలిసింది అని అడిగితే చాలు. కాలేజీల్లో రాయమనే సమీక్షకు, విమర్శకు, పరిశోధన పత్రానికి ఆధారం ఈ ప్రశ్నే. చాలాచోట్ల మాత్రం బోధన పేజీల సంఖ్య, అక్షరాల సైజు, బైండింగు దగ్గర మొదలై అక్కడే ఆగిపోతోంది. విద్యార్థికి జరిగే అసలు నష్టం ఇదేనని నా అభిప్రాయం.

ఈ అవసరం ఇప్పుడెందుకు వచ్చింది? ఒకప్పుడు పరిశోధన పీహెచ్‌డీ చేసేవారి పని. 2022 డిసెంబరులో యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) నాలుగేళ్ల ఆనర్స్ డిగ్రీకి కొత్త చట్రం ప్రకటించింది. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన మార్కులు తెచ్చుకున్నవారు నాలుగో ఏడాది పరిశోధనతో కూడిన ఆనర్స్ చదవవచ్చు. ఇదిగాక మన రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులకు సామాజిక సేవా ప్రాజెక్టు ఉంది. ఊళ్లోకి వెళ్లి, సర్వే చేసి, నివేదిక ఇవ్వాలి. ఇంటర్ దాకా వ్యాసమంటే గైడులో ఉన్నది గుర్తుపెట్టుకుని రాయడమే అనుకున్న పిల్లలు రెండు మూడేళ్లలోనే సొంతంగా ఒక మాట నిరూపించాల్సి వస్తోంది. మధ్యలో ఉండాల్సిన మెట్లు ఎవరూ కట్టలేదు.

ముందుగా ఈ మూడు రాతల మధ్య తేడా తెలుసుకోవాలి. సమీక్షా వ్యాసం ఒక విషయం మీద ఇంతవరకు ఎవరెవరు ఏం కనుగొన్నారో కూర్చి చెబుతుంది. విమర్శ ఒక్క పుస్తకాన్నో పత్రాన్నో తీసుకుని అది నిలబడుతుందా అని పరీక్షిస్తుంది. పరిశోధన పత్రం ఇంతవరకు తెలియని ఒక చిన్న సంగతిని ఆధారంతో చేరుస్తుంది. మొదటి రెండూ చేతకాకుండా మూడోది రాదు.

సమీక్షను గండికోటతోనే నేర్చుకోవచ్చు. మొదట ఆకరాలను (సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మూలాలను) కాలం వరసలో పెట్టాలి. కోట పుట్టుక కథకు గండికోట కైఫియత్తు మూలమని చెబుతారు. కైఫియత్తులంటే కల్నల్ కాలిన్ మెకంజీ సహాయకులు ఊరూరా తిరిగి, కరణాల దస్తావేజులు చూసి, పెద్దలను అడిగి రాయించుకున్న గ్రామ చరిత్రలు. దత్త మండలాలు ఆంగ్లేయుల చేతికి వచ్చింది 1800లో. కడప ప్రాంతపు కైఫియత్తులు ఆ తర్వాత రాసినవే. అంటే 1123 నాటి సంగతిని దాదాపు ఏడు వందల ఏళ్ల తర్వాత నమోదు చేశారు. ఆ మాత్రానికే కైఫియత్తును తోసిపుచ్చకూడదు. 18వ శతాబ్దపు భూములు, మాన్యాలు, పాళెగాళ్ల సంగతులకు అది విలువైన సాక్ష్యం. 12వ శతాబ్దానికి మాత్రం అది విన్న మాట. ఒకే ఆకరం ఒక కాలానికి బలంగానూ మరో కాలానికి బలహీనంగానూ ఉంటుందని గ్రహించడం సమీక్ష రాసేవారికి మొదటి పాఠం.

తర్వాత ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తవెర్నియే. 1652లో ఆయన గండికోటకు వచ్చాడు. అప్పుడు కోట గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతిలో ఉంది. ఆయన యాత్రా గ్రంథం 1676లో అచ్చయింది. కోటకు ఎక్కే దారి ఆయన కళ్లారా చూసింది. గుడి విగ్రహాలను కరిగించి ఫిరంగులు పోతపోయించే ప్రయత్నం గురించి కూడా రాశాడు. అందులో దగ్గరుండి చూసిందెంత, ఇంకొకరు చెప్పగా రాసిందెంత అన్నది వాక్యం వాక్యం చదివి విడదీయాలి. తవెర్నియే అన్నాడు కాబట్టి నిజమని రాసే విద్యార్థి, తవెర్నియే పరదేశి కాబట్టి అబద్ధమని రాసే విద్యార్థి ఇద్దరూ ఆ పని తప్పించుకుంటున్నారు.

మరి శాసనం? అది ఆ కాలంలోనే చెక్కింది కాబట్టి బలమైన సాక్ష్యం. అయినా అక్కడా ప్రశ్న ఆగదు. ప్రొద్దుటూరుకు దగ్గర్లో, ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో రేనాటి చోళుల శాసనం ఉంది. ఎరికల్ముత్తురాజు ధనంజయుడి పేరున్న ఆ శాసనాన్ని మనకు తెలిసిన తొలి తెలుగు శాసనంగా చెబుతారు. పుస్తకాల్లో దాని కాలం క్రీ.శ. 575 అని ఉంటుంది. రాతి మీద ఆ సంవత్సరం లేదు. అక్షరాల తీరును, రాజుల వరసను బట్టి పండితులు కట్టిన అంచనా అది. నీలకంఠ శాస్త్రి, ఎం. వెంకటరామయ్య ఎపిగ్రాఫియా ఇండికా 27వ సంపుటంలో ఈ తెలుగు చోళ శాసనాలను పరిష్కరించి ప్రచురించారు. ఆ పుటలు చదివిన విద్యార్థి 575 అనడు, 575 ప్రాంతం అంటాడు. ఒక్క మాటే తేడా. అయితే ఆ మాట రాయాలంటే మూలం చదివి ఉండాలి.

ఇలా చదివాక రాయడం ఎలా? ఎక్కువమంది తాము చదివిన ఒక్కో రచయితకు ఒక్కో పేరా రాస్తారు. ఫలానా వారు ఇలా అన్నారు, ఫలానా వారు అలా అన్నారు అని సాగుతుంది. అది జాబితా. సమీక్షను ప్రశ్నల వారీగా కట్టాలి. కోట ఎప్పుడు కట్టారు అన్న ప్రశ్న కింద అన్ని ఆకరాలనూ ఒకచోటికి తేవాలి. అప్పుడు వాక్యం ఇలా వస్తుంది: “స్థానిక కథనం 1123ను చెబుతోంది, అందులోనే పేర్కొన్న సోమేశ్వరుడి పాలన 1068లో ముగిసింది, సమకాలీన శాసనాధారం చూపేవరకు ఈ తేదీని సంప్రదాయంగా మాత్రమే స్వీకరిస్తున్నాను.” ఇందులో అలంకారం లేదు. ఏది తెలుసో, ఏది తెలియదో, ఎందుకో ఉంది.

విమర్శకు ఈ నేలమీదే గొప్ప గురువు ఉన్నాడు. పులివెందుల ప్రాంతపు పైడిపాలెంలో 1922లో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డిని తెలుగు పాఠకులు రారాగా ఎరుగుదురు. 1960ల చివర ‘సంవేదన’ పత్రిక నడిపాడు. ‘సారస్వత వివేచన’ ఆయన విమర్శ వ్యాసాల సంపుటి. మాస్కోలో అనువాదకుడిగా పనిచేసిన అనుభవంతో రాసిన ‘అనువాద సమస్యలు’కు 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆయన మార్క్సిస్టు. అయినా తన వైపు కవి అని ఎవరినీ వదిలిపెట్టలేదు, దిగంబర కవుల మీద కఠినంగా రాశాడు. విద్యార్థి ఆయన నుంచి నేర్చుకోవాల్సింది ఆ కాఠిన్యం కాదు. తన కొలబద్ద ఏమిటో ఆయన బయటపెట్టి మాట్లాడతాడు. ఆ తర్వాత రచనలోంచే ఉదాహరణ తీసి, ఎక్కడ తేలిపోయిందో చూపిస్తాడు. ఆయనతో విభేదించేవారు కూడా ఆ ఉదాహరణ దగ్గరికే వచ్చి వాదించాల్సి ఉంటుంది. బాగుంది, బాగాలేదు, ఆకట్టుకుంది అని తేల్చే రాతకు ఆ వెసులుబాటు లేదు.

శాస్త్ర పత్రాల మీద విమర్శ కూడా ఇలాగే నడుస్తుంది. పులివెందుల చీనీ తోటల్లో డ్రిప్పు వేసిన రైతుల ఆదాయం పెరిగిందని ఒక పత్రం చెప్పిందనుకుందాం. మొదట ఆ వాదాన్ని రచయిత ఒప్పుకునేంత న్యాయంగా తిరిగి చెప్పాలి. తర్వాత అడగాలి: డ్రిప్పు లేని రైతులను కూడా కలిశారా? డ్రిప్పు వేసినవారు ముందునుంచే నీళ్లు, పెట్టుబడి ఉన్నవారా? ఆ ఏడాది చీనీ ధర ఎంత? ధర బాగా పలికిన ఏడాది డ్రిప్పు ఉన్నా లేకున్నా ఆదాయం పెరుగుతుంది. ఈ ప్రశ్నలకు పత్రంలో జవాబు లేకపోతే దాని ముగింపు తప్పని కాదు, ఆ ఆధారం దానికి చాలదని మాత్రమే రాయాలి. ఈ తేడా పట్టుకున్న విద్యార్థికి విమర్శ వచ్చినట్టే.

ఇక పరిశోధన పత్రం. వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం కార్పొరేషన్ గని, శుద్ధి కర్మాగారం ఉన్నాయి. చుట్టుపక్కల రైతులు బోరు నీళ్లు చెడిపోయాయని చెబుతున్నారు, సంస్థ కాదంటోంది. ఈ ప్రాంతపు కెమిస్ట్రీ విద్యార్థికి ఇంతకంటే దగ్గరి విషయం ఉండదు. కానీ “యురేనియం కాలుష్యం, ప్రజలపై ప్రభావం” అన్న శీర్షిక పెట్టుకుంటే ఏమీ తేలదు. అది పదిమంది శాస్త్రవేత్తలకు పదేళ్ల పని.

ప్రశ్నను చిన్నది చేయడం ఎలాగో చూద్దాం. అక్కడ యురేనియం వేంపల్లె డోలమైటు రాళ్లలో సహజంగానే ఉంది. కాబట్టి బావిలో యురేనియం కనిపించినంత మాత్రాన అది కర్మాగారం నుంచే వచ్చిందనలేం. అంతా రాయి నుంచే వచ్చిందనీ అనలేం. ఇంకో గుర్తు కావాలి. ఆ కర్మాగారంలో ఖనిజాన్ని సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు ద్రావణంతో కరిగిస్తారు. కర్మాగారం వ్యర్థాలు వాటిని నిలవచేసే చెరువు నుంచి నేలలోకి ఇంకుతుంటే బోరు నీటిలో సోడియం కూడా పెరగాలి. సోడియాన్ని ఫ్లేమ్ ఫొటోమీటరుతో (మంట రంగును బట్టి లోహం ఎంతుందో కొలిచే పరికరంతో) కాలేజీ ప్రయోగశాలలోనే కొలవవచ్చు. అప్పుడు ప్రశ్న ఇలా మారుతుంది: వ్యర్థాల చెరువు నుంచి దూరం పెరిగేకొద్దీ బోరు నీటిలో సోడియం తగ్గుతోందా? అదే రాయి ఉండి, చెరువుకు ఎగువన ఉన్న బోర్లతో పోలిస్తే ఎలా ఉంది? వానకు ముందు, వాన తర్వాత తేడా ఉందా? ఇది ఒక ఏడాదిలో ఒక విద్యార్థి జవాబు చెప్పగల ప్రశ్న. చౌడు నేలల్లో సోడియం వేరే కారణాల వల్ల కూడా పెరుగుతుంది కాబట్టి, ఆ పరిమితిని పత్రంలోనే ఒప్పుకోవాలి.

యురేనియాన్నే కొలవాలంటే విశ్వవిద్యాలయ ప్రయోగశాల సాయం కావాలి. నమూనా నీటిని వడగట్టి కొంచెం నైట్రిక్ ఆమ్లం కలపాలి. లేకపోతే లోహం సీసా గోడలకు అంటుకుని లెక్క తక్కువ చూపిస్తుంది. ఫలితాన్ని ఏ పరిమితితో పోలుస్తున్నారో కూడా రాయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాత్కాలిక మార్గదర్శక పరిమితి లీటరుకు 30 మైక్రోగ్రాములు. మన అణుశక్తి నియంత్రణ మండలి పెట్టింది 60. నీళ్లలో 45 ఉంటే ఒకదాని ప్రకారం ఎక్కువ, మరోదాని ప్రకారం తక్కువ. కొలబద్ద పేరు చెప్పకుండా ‘ప్రమాదకరం’ అనో ‘సురక్షితం’ అనో రాస్తే ఊరివాళ్లకూ మేలు జరగదు, శాస్త్రానికీ జరగదు. తేడా ఏమీ కనిపించకపోయినా అది ఫలితమే, దాన్నీ అలాగే రాయాలి.

పత్రాన్ని చదివే వరస వేరు, రాసే వరస వేరు. పాఠకుడికి ముందు సారాంశం కనిపిస్తుంది. రాసేటప్పుడు పద్ధతితో మొదలుపెట్టడం మేలు: ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని బోర్లు, ఏ పరికరం. తర్వాత ఫలితాలు, చర్చ, ఆపైన పీఠిక. సారాంశం ఆఖరున. మరొకరు అదే పద్ధతితో అదే పని మళ్లీ చేయగలిగేలా రాశామా అన్నది పద్ధతి భాగానికి పరీక్ష.

చదవడానికి దొరకదన్న ఇబ్బంది ఇప్పుడు కొంత తగ్గింది. దేశంలోని పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు ‘శోధ్‌గంగ’లో ఉచితంగా చదవొచ్చు. 2025 జనవరి నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు 13,000కు పైగా పత్రికలు అందుతున్నాయి. కాలేజీ లైబ్రేరియన్‌ను అడిగి లాగిన్ తీసుకోవాలి. కడపలో బ్రౌన్ ఉన్న చోట నెలకొన్న సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం కూడా బస్సు ఎక్కితే అందే దూరమే.

గ్రంథచౌర్యం (ఇతరుల రాతను, ఆలోచనను తమదిగా చూపడం) గురించి యూజీసీ 2018 నిబంధనలు పది శాతం వరకు పోలికను శిక్ష లేకుండా వదులుతాయి. దీన్ని చాలామంది పది శాతం దాకా ఎత్తుకోవచ్చని అర్థం చేసుకున్నారు. సాఫ్ట్‌వేర్ కొలిచేది మాటల పోలికను. మాటలు మార్చి ఆలోచన ఎత్తుకుంటే అది పట్టుకోకపోవచ్చు, కానీ అదీ చౌర్యమే. ఏఐ సాధనాలతో ఇంకో చిక్కుంది. అవి లేని పుస్తకాలకు, లేని పత్రాలకు కూడా నమ్మేలా పేర్లు అల్లుతాయి. మీ ఆకరాల పట్టికలో ఉన్న ప్రతి పత్రాన్నీ మీరు తెరిచి చూసి ఉండాలి.

ప్రచురణకు తొందర వద్దు. డబ్బు కడితే వారంలో వేస్తామని మెయిలు పంపే పత్రికలున్నాయి. నమ్మదగిన పత్రికలకంటూ ఉన్న కేర్ జాబితాను యూజీసీ నిలిపివేసినట్టు 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది కాబట్టి, ఆ విచక్షణ ఇప్పుడు విద్యార్థిదీ, గైడుగా ఉన్న అధ్యాపకుడిదీ. సంపాదక వర్గంలో ఉన్నవారు నిజంగా ఆ రంగంలో పనిచేస్తున్నారా, పాత సంచికల్లో వ్యాసాలు చదవదగినవిగా ఉన్నాయా అని చూడాలి. మంచి పత్రిక మీ పత్రాన్ని ఇద్దరు ముగ్గురు నిపుణులకు పంపుతుంది. నెలల తర్వాత ప్రశ్నలతో తిరిగొస్తుంది. ఒక్కో ప్రశ్ననూ విడిగా రాసుకుని, దాని కింద ఏం మార్చారో, మార్చకపోతే ఏ ఆధారంతో మార్చలేదో మర్యాదగా రాసి పంపాలి.