కంప్యూటర్ కొన్నాము, దాని హద్దులు తెలుసుకున్నామా?

మా అమ్మాయి డిగ్రీలో చేరిన ఏడాది నంద్యాల వెళ్ళి ఒక ల్యాప్‌టాప్ కొని బనగానపల్లెకు తెచ్చుకున్నాము. చీటీ పాడగా చేతికందిన సొమ్ము అది. పగలు అమ్మాయి చదువుకు, రాత్రి నా భార్య కుట్టుపని లెక్కలకు ఉపయోగపడుతుందని మా ఆశ. నా భార్య చదివింది తెలుగు మాధ్యమంలో. తెర నిండా ఆంగ్లం చూసి, "బేటీ, దీన్ని తెలుగులోకి మార్చమ్మా" అన్నది. అమ్మాయి సెట్టింగ్స్ అన్నీ వెదికింది. ఈ లైసెన్సు ఒక్క భాషకే వర్తిస్తుందన్న సమాధానం ఎదురైంది.

అమ్మిన దుకాణంలో అడిగితే, "ఐదువందలివ్వండి, ఫుల్ వర్షన్ వేసిస్తాను" అన్నారు. అసలు సంగతి ఏమిటో అప్పుడే విచారించాము.

మన దేశంలో అమ్మే ఎన్నో ల్యాప్‌టాప్‌లలో ముందుగానే ఉండేది 'విండోస్ హోమ్ సింగిల్ లాంగ్వేజ్'. పేరులోనే హద్దు ఉన్నది. తెర భాష ఒక్కటే. దానిని మార్చాలంటే సాధారణంగా విండోస్‌ను మళ్ళీ మొదటి నుండి స్థాపించవలసి ఉంటుంది. అయితే తెలుగులోనో, ఉర్దూలోనో టైపు చేయడానికి ఆటంకం లేదు. ఆయా కీబోర్డులను ఉచితంగా చేర్చుకోవచ్చు. ఈ తేడా తెలియక అనేకులు నిరాశ చెందుతారు.

ఇటువంటి కోతలు కొత్తవి కావు. 2005లో మన దేశంలో హిందీలో వచ్చిన 'ఎక్స్‌పీ స్టార్టర్'లో ఒకేసారి మూడు ప్రోగ్రాములకు మించి తెరుచుకునేవి కావు. 2009 నాటి 'విండోస్ 7 స్టార్టర్'లో తెర వెనుక చిత్రాన్ని సైతం మార్చుకోనిచ్చేవారు కాదు.

నేటి హద్దులు మరికొన్ని ఉన్నాయి. కొన్ని యంత్రాలు 'ఎస్ మోడ్'లో వస్తాయి. వాటిలో మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోని ప్రోగ్రాములు తప్ప మరేవీ చేరవు. అందులో నుండి ఉచితంగానే బయటపడవచ్చు గాని, తిరిగి అందులోకి మారే వీలుండదు. హోమ్ రకాన్ని దూరం నుండి రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా నడపలేము. కార్యాలయపు డొమైన్‌లో చేర్చలేము. యంత్రంతో వచ్చిన లైసెన్సు సాధారణంగా ఆ యంత్రానికే పరిమితం. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కనీసం 4 జీబీ ర్యామ్ ఉండాలి. అందువల్ల చవకగా దొరికే పాత కంప్యూటరును కొనేవారు ఈ విషయం తప్పక విచారించాలి.

ఇక ఐదువందల 'ఫుల్ వర్షన్' మాట. అది హక్కు లేని ప్రతి. అందులో ఏ దొంగ ప్రోగ్రాము దాగి ఉన్నదో వేసినవారికే తెలియకపోవచ్చు. లోపాన్ని దాచకుండా చెప్పి అమ్మడం వర్తకుని బాధ్యత అని ఇస్లాం బోధిస్తుంది. పరాయి సొమ్మును అనుమతి లేకుండా వాడకపోవడం కొనేవాని బాధ్యత కాదా? మేము వద్దన్నాము.

ధర్మబద్ధమైన దారి దగ్గరలోనే దొరికింది. లిబ్రే ఆఫీస్ ఉచితం. దాని మెనూలను తెలుగులో చూసుకోవచ్చు. విండోస్ ఆంగ్లంలో ఉన్నా దానికి అడ్డు లేదు. ఫైర్‌ఫాక్స్ కూడా తెలుగులో లభిస్తుంది. మొత్తం యంత్రమే తెలుగులో కావాలనుకునేవారికి లినక్స్ ఉన్నది. దానిని తెలుగులోకి తేవడానికి 'స్వేచ్ఛ' సంస్థ కృషి చేసింది.

కొనేముందు దుకాణంలోనే యంత్రాన్ని తెరిపించండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో ఎబౌట్ చూస్తే ఏ రకమో తెలుస్తుంది. ఎస్ మోడ్ ఉన్నదా, యాంటీవైరస్, ఆఫీస్ వంటివి కొద్దికాలపు నమూనాలా, శాశ్వతమైనవా అని అడిగి, బిల్లుపై రాయించుకోండి.

మా ఇంట్లో తెర ఇప్పటికీ ఆంగ్లమే. కాని రాత్రి నమాజు ముగిశాక నా భార్య కూర్చుని జాకెట్టుకు ఇంత, లంగాకు ఇంత అని తెలుగులో రాసుకుంటున్నది. ఎవరి బాకీ ఎంతో ఇప్పుడు ఆమెకు ఎవరూ చదివి చెప్పనక్కరలేదు.