చిత్రకళా విద్యార్థి – గ్రామ పంచాయతి

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల గ్రామములలో ఇటీవల మేము పర్యటించుచుండగా, కలికిరికి సమీపముననున్న ఒక పల్లెలో రచ్చకట్టమీద ఒక చిన్న ప్రదర్శనము మా కంటబడినది. పట్టణమున చిత్రకళ నభ్యసించుచున్న ఆ యూరి విద్యార్థిని యొకతె సెలవులకు ఇల్లు చేరి, తాను వేసిన ఏడెనిమిది చిత్రములను వేపచెట్టు మొదట ఆనించి పెట్టినది. వాని ప్రక్కన కాల్చిన మట్టితో చేసిన వస్తువులు కొన్ని కలవు. కోడిపుంజు ఆకారము గల దీపస్తంభము, పొట్టేలు తలలు గల కుండకుదురు, పైన కూర్చుండుటకు వీలుగా మలచిన ఏనుగు పీట, ఇట్టివి. అన్నియు అమ్మకమునకే. వచ్చు నెలలో కట్టవలసిన ఫీజు కొరకు ఈ ప్రయత్నమని ఆమె దాచుకొనక చెప్పినది.

ఒక పెద్దమనిషి చిత్రమునొకదానిని చేతికి తీసికొనెను. చెరువుకట్టమీద టమాట గంపలతో పోవుచున్న స్త్రీల చిత్రమది.

"ఏమ్మా, ఈ పటం ఎంత?"

"పన్నెండు నూర్లు, మామా."

"పన్నెండు నూర్లా! మదనపల్లె అంగట్లో అద్దం కట్టిన పటమే మూడు నూర్లకిస్తారు గదమ్మా!"

ఆయన పరిహాసమునకై అన్న మాట కాదిది. పంచాయతీ సభ్యుడుగా గ్రామపు సొమ్ము లెక్క చూచుటకు అలవాటుపడిన మనిషి. ధర అడుగుట ఆయన ధర్మము. ఆ ప్రశ్నకు సమాధానము తెలిసిననే గాని, ఇట్టి విద్యార్థులకు పంచాయతీలు ఏమి చేయగలవో తెలియదు. కనుక మేము ఆ ప్రశ్ననే ఈ వ్యాసమునకు ఆధారముగా గైకొనుచున్నాము.

అంగడిలోని పటము అచ్చుయంత్రము వేసినది. ఒక్క చిత్రమునుండి వేలకొలది ప్రతులు వెలువడును. చిత్రకారునికి ముట్టిన ప్రతిఫలము ఆ వేల ప్రతులమీద పంచబడుటచే ఒక్కొక్క ప్రతికి పైసలలో పడును. విద్యార్థిని చేతిలోనిది మూలచిత్రము. ఆ చెరువుకట్ట, ఆ గంపలు, ఆ స్త్రీల నడక ఆమె కంటితో చూచి, మనస్సులో కూర్చుకొని, ఒక్కసారి వేసినవి. అట్టిది మరియొకటి లేదు. లెక్క అడుగగా, బట్టకు, రంగులకు 350 రూపాయలైనవని, ఐదు దినములు పట్టినదని ఆమె చెప్పినది. మిగిలిన 850 రూపాయలను ఐదు దినములకు పంచిచూడుడు. దినమునకు 170 రూపాయలు. పొలము పనికి పోయినవారి దినకూలికైనను అది సరిపోదు. నేర్చుటకు పట్టిన సంవత్సరములను ఆమె లెక్కలోనికే తేలేదు.

మట్టి వస్తువుల లెక్క మరియొక విధము. బొమ్మను లోపల డొల్లగా చేయవలెను. గోడ మందము అంతటను ఒకే తీరుగా నుండవలెను. నీడలో మెల్లమెల్లగా ఆరనీయవలెను. పైన ఆరి లోపల తడి మిగిలినచో, ఆవములో వేడి తగులగనే ఆ తడి ఆవిరియై బొమ్మను పగులగొట్టును. తలలు, కొమ్ములు, కాళ్లు గల రూపములకు ఈ ప్రమాదము కుండకంటె ఎక్కువ. పది పెట్టిన ఆవమునుండి ఆమెకు ఏడు మాత్రమే నిలిచినవట. పగిలిన మూడింటి శ్రమయు నిలిచిన ఏడింటి ధరలో చేరితీరవలెను. కుమ్మరి వృత్తి తెలిసినవారెవ్వరు ఈ మాటను కాదనరు.

శిల్పముగా చూడదగియుండి, ఇంటి పనికిని వచ్చు వస్తువును ఉపయోగశిల్పము అనవచ్చును. పేరు క్రొత్తదేగాని వస్తువు మనకు క్రొత్తది కాదు. చెక్కడపు పని గల ద్వారబంధము, పువ్వులు మలచిన తులసికోట, దేవాలయము ముందరి దీపస్తంభము, ఇవియన్నియు ఉపయోగశిల్పములే. పలమనేరు ప్రాంతపు కాల్చినమట్టి పనివారు ఇట్టివి చేసి దూరప్రాంతములకు పంపుచున్నారు. కుప్పము ప్రాంతమున గ్రానైటు రాయికి కొదువ లేదు. చిత్రము కొనుటకు వెనుదీయు గృహస్థు కుండకుదురు కొనుటకు వెనుదీయడు. విద్యార్థికి ఒక చేయి చిత్రమునకు, ఒక చేయి వస్తువునకు అలవడినచో జీవనము సాగునని అనుభవజ్ఞుల అభిప్రాయము.

ఇది ఊహకాదు, జరిగిన విషయము. 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడువరకు చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రములోనిదే. చిత్రకళ నేర్వగోరిన మన ప్రాంతపు యువకులకు మద్రాసులోని కళాపాఠశాలయే దిక్కు. 1850లో అలెగ్జాండర్ హంటర్ అను వైద్యుడు స్థాపించిన ఆ పాఠశాలలో మొదటినుండి చిత్రలేఖనముతోపాటు కుండలు, లోహపు సామానులు చేయు పనియు నేర్పబడుచుండెను. 19వ శతాబ్దము చివర ఆల్‌ఫ్రెడ్ చాటర్‌టన్ అను ఇంజనీరు అల్యూమినియము పాత్రల తయారీని ఆ పాఠశాలలోనే ప్రారంభించెను. నేడు మన వంటయింట కనబడు అల్యూమినియము తపేలకు ఒక కళాపాఠశాలతో ఇట్టి చుట్టరికము కలదని ఎందరికి తెలియును!

1960 తరువాత ఆ విద్యాలయమునకు అధ్యక్షుడైయున్న కె.సి.యస్. పణిక్కర్‌కు ఒక చింత పట్టుకొనినది. చదువు ముగించిన శిష్యులు చిత్రములు అమ్ముడుపోక, ఎక్కడనో గుమాస్తాలై కుంచెను మరచిపోవుచుండిరి. ఆయన వారిని కూడగట్టి, సాయంకాలములందు మైనపు అద్దకపు బట్టలు మొదలగు చేతిపనులు చేయించి, అమ్మించెను. ఆ సొమ్ముతో 1966లో మద్రాసుకు దక్షిణమున, సముద్రపుటొడ్డున ఇంజంబాకమువద్ద భూమి కొని, చోళమండలము అను చిత్రకారుల గ్రామమును వెలయించిరి. చేతిపనులమీద వచ్చిన ఆదాయమే అన్నము పెట్టినది. ఆ అన్నము తిని వారు తమకు తోచిన చిత్రములను, శిల్పములను స్వేచ్ఛగా చేసిరి. మన తెలుగు చిత్రకారుడు ఎం. రెడ్డెప్పనాయుడు వారిలోని వాడే. ఆ గ్రామము నేటికిని నిలిచియున్నది.

మనకింకను దగ్గరిది శ్రీకాళహస్తి. దేవాలయములకు తెరలు, పందిరి వస్త్రములు వ్రాయు కలంకారీ పని గత శతాబ్దము మధ్యకాలమునకు దాదాపు అంతరించినది. కమలాదేవి చట్టోపాధ్యాయ పూనికచే 1957లో అచట శిక్షణ కేంద్రమును తెరచి, జొన్నలగడ్డ లక్ష్మయ్యను గురువుగా నియమించిరి. శిష్యులు పురాణకథల తెరలతోపాటు క్రమముగా చీరలు, దుప్పట్లు, గోడ వస్త్రములు వ్రాయసాగిరి. లక్ష్మయ్య కుమారుడు గురప్ప చెట్టికి 2008లో పద్మశ్రీ బిరుదము లభించినది. తెరచీలకు గిరాకి లేనప్పుడు చీర ఆ కళను నిలిపినదని మేము భావించుచున్నాము. తెరచీలను ప్రేమించువారికి ఈ మాట రుచింపకపోవచ్చును.

మరియొక ఉదాహరణకు మదనపల్లెనుండియే దారి కలదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లెలోని బిసెంటు కళాశాలయందు విడిసి, జనగణమన గీతమును ఆంగ్లములోనికి అనువదించిన సంగతి ఈ ప్రాంతపు వారెల్లరు ఎరుగుదురు. శాంతినికేతనమున ఆయన కళాభవనమును స్థాపించినది ఆ సంవత్సరమే. అచటి విద్యార్థులు, ఉపాధ్యాయులు 1973 నుండి నందలాల్ బోసు జన్మదినము సందర్భముగా డిసెంబరు మొదటి రెండు దినములు నందన మేళా అను సంత జరుపుచున్నారు. చిత్రములు, మట్టి వస్తువులు, పంచాంగములు స్వయముగా చేసి అమ్మెదరు. వచ్చిన ధనము విద్యార్థుల సహాయనిధికి చేరును. కలికిరి పల్లె రచ్చకట్టమీద మేము చూచినది ఆ మేళాకు చెల్లెలే.

ఇక పంచాయతీల మాట. సంత పంచాయతీ అధీనమునందున్నచోట, ఇట్టి విద్యార్థికి సెలవుల వారములలో ఒక జాగా సుంకము లేకుండ ఇచ్చుటకు చిన్న తీర్మానము చాలును. జాతర దినములందును ఇట్లే. పాఠశాల గోడ, అంగన్‌వాడి గోడ, బస్సు నిలుచుచోటు, ఇవి ఎట్లును రంగు వేయింపవలసినవే. పట్టణమునుండి వచ్చిన గుత్తదారు అన్ని యూళ్లలోను ఒకే నెమలిని, ఒకే తామరను వేసిపోవును. మన చెరువు, మన కొండ, మన పుంగనూరు పొట్టి ఆవు గోడమీద కనబడవలెనన్నచో ఆ యూరి బిడ్డయే వేయవలెను. లేపాక్షి ఆలయపు కప్పుమీద చిత్రములు వ్రాసినవారు తమ కాలపు చీరలను, తలపాగలను వ్రాసిరి గనుకనే నేడు మనము వానినుండి ఆనాటి మనుష్యులను చూడగలుగుచున్నాము.

అయితే "మన ఊరి పిల్లయే గదా" అని ఉచితముగా వేయించుకొను అలవాటొకటి కలదు. మేమును ఒకప్పుడు ఒక ప్రదర్శనకు విద్యార్థి యొకనిచే పది తెరలు వ్రాయించుకొని, చివర ఒక ప్రశంసాపత్రమును చేతిలో పెట్టితిమి. ఆ యువకుడు దానిని మర్యాదగా పుచ్చుకొనెను. మరుసటి సంవత్సరము మేము కబురంపగా, బెంగుళూరిలో బట్టల కర్మాగారమున చేరినాడని తెలిసినది. ఆ పత్రముతో అతడు ఫీజు కట్టలేడుగదా! తీర్మానములోనే మొత్తమును, గడువును వ్రాసి, రంగులు కొనుటకు కొంత ముందుగా చెల్లించుట ఉభయులకును క్షేమము.

కొన్న పిదప కాపాడుటయు కలదు. ఒక గ్రామమున విద్యార్థి వేసిన పాఠశాల గోడచిత్రమును రెండేండ్లు తిరుగకమునుపే సున్నము కొట్టి, దానిమీద సిమెంటు ప్రకటన వ్రాయనిచ్చిరి. డబ్బిచ్చితిమి గనుక గోడ మా ఇష్టమని వారి వాదము. ఈ వాదము చట్టముముందు అన్నివేళల నిలువదు. ఢిల్లీలోని విజ్ఞానభవనమున అమర్‌నాథ్ సెహగల్ అను శిల్పి నిర్మించిన పెద్ద కంచు కుడ్యశిల్పమును 1979లో ఊడదీసి గిడ్డంగిలో పడవేసిరి. ఆయన న్యాయస్థానమునకెక్కెను. 2005లో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము మిగిలిన శకలములను శిల్పికి తిరిగి ఇయ్యవలెననియు, 5 లక్షల రూపాయల నష్టపరిహారము చెల్లింపవలెననియు తీర్పు చెప్పినది. ఓడినది సాక్షాత్తు భారత ప్రభుత్వము.

1957 నాటి కాపీరైటు చట్టపు 57వ సెక్షను ఇట్టి రక్షణ ఇచ్చుచున్నది. తన పేరు చెప్పించుకొను హక్కు, తన కృతిని వికృతపరచినచో ప్రశ్నించు హక్కు, కృతిని అమ్మినను కళాకారునికి ఉండును. ముద్రణహక్కు మాట వేరు. విద్యార్థి తనంతట తాను వేసిన చిత్రమును మనము కొన్నచో పటము మాత్రమే మనది. దానిని కరపత్రములపై అచ్చు వేయుటకు ఆమె అనుమతి కావలెను. మనమే కోరి, సొమ్మిచ్చి చిత్రము వేయించుకొన్నచో, వేరు ఒడంబడిక లేనియెడల ఆ హక్కు సాధారణముగా వేయించుకొన్నవారిదగును. తగవు రాకుండవలెనన్నచో ఒక్క వాక్యము ముందుగా వ్రాసికొనుట మేలు.

చదువు ముగించి వృత్తిలో నిలిచినవారికి మరియొక ఆధారము కలదు. 2023 సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమున 18 వృత్తులు చేర్చబడినవి. కుమ్మరి, శిల్పి, వడ్రంగి, బొమ్మలు చేయువారు వానిలో కలరు. చిత్రకారుడు మాత్రము లేడు. ఈ లోపము మాకును కష్టముగనే తోచుచున్నది. పనిముట్లకు 15,000 రూపాయల వరకు సహాయము, శిక్షణ దినములందు దినమునకు 500 రూపాయలు, 5 శాతము వడ్డీకి తొలివిడత ఒక లక్ష, రెండవవిడత రెండు లక్షల రూపాయల వరకు అప్పు ఇందలి ముఖ్యాంశములు. 18 ఏండ్లు నిండి, కుటుంబమునుండి ఒక్కరే అర్హులు. దరఖాస్తును మొదట పరిశీలించు బాధ్యత గ్రామములందు పంచాయతీకే ఒప్పగింపబడినది. మట్టి వస్తువులు చేయు అభ్యర్థి కుమ్మరి వృత్తిక్రింద వచ్చునా యని సందేహము కలిగినచో, చేయు పనిని స్వయముగా చూచి నిర్ణయింపవలెను. నమోదు ప్రస్తుతము జరుగుచున్నదో లేదో సేవాకేంద్రమున విచారించిన పిదపనే అభ్యర్థిని పంపుడు. ఊరక తిప్పుట తగదు.

చదువదలచినవారు అడిగినచో చెప్పుటకు రెండు చోట్లు ఈ ప్రాంతమునకు దగ్గర. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానమువారి సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థ 1960 నుండి నడచుచున్నది. రాతి, లోహ, కొయ్య శిల్పములు, సంప్రదాయ చిత్రకళ, కలంకారీ అచట నేర్పుదురు. 2020లో కడపలో వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయము నెలకొల్పబడినది.

మేము ఆ పల్లెను విడుచునప్పటికి పొద్దు వాలినది. చెరువుకట్ట చిత్రమును ఆ పెద్దమనిషి కొనలేదు. ఏనుగు పీటను మాత్రము మనుమనికని ఐదువందలకు కొనెను. సర్పంచి గారు విద్యార్థినిని పిలిచి, పాఠశాల ఆవరణకు మట్టి పూలతొట్లు ఎనిమిది చేయుటకెంతయగునో వ్రాసి ఇమ్మనిరి. ఆమె అక్కడనే కాగితము తీసి, పగులువాటిల్లునని పన్నెండింటికి లెక్క వేసి, సగము ముందుగా ఇయ్యవలెనని చివర వ్రాసి ఇచ్చినది. ఆ కాగితమును వచ్చు సమావేశములో ఆరవ అంశముగా చేర్చిరి.