గ్యాసా.. కరెంటా? మీటరు చూసి పొయ్యి వెలిగించాలి

భువనగిరి: వంటింట్లో గ్యాస్ పొయ్యి పక్కన ఇండక్షన్ స్టవ్ చేరడం ఇప్పుడు పట్టణంలోనే కాదు, పల్లెల్లోనూ మామూలైపోయింది. కరెంటు ఉచితమే కాబట్టి సిలిండర్ నాలుగు రోజులు ఎక్కువ వస్తుందన్నది గృహిణుల ఆలోచన. ఈ ఆలోచన నెలకు 200 యూనిట్ల వరకు మాత్రమే నిజం. 201వ యూనిట్ తిరిగిన నెలలో ఆదా మాట అటుంచి, అసలుకే మోసం వస్తుంది.

రాష్ట్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరి 27న గృహజ్యోతి, రూ.500 సిలిండర్ పథకాలను ఒకేరోజు ప్రారంభించింది. గృహజ్యోతి కింద తెల్ల రేషన్‌కార్డు కలిగిన అర్హులకు 200 యూనిట్ల లోపు వాడకానికి సున్నా బిల్లు వస్తుంది. పరిమితి దాటితే మొదటి 200 యూనిట్లు ఉచితమై, మిగిలిన వాటికే డబ్బు కట్టడం ఉండదు. మొత్తం వాడకానికీ బిల్లు పడుతుంది. ఈ తేడా తెలియకనే చాలామంది నష్టపోతున్నారు. 2022 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన ధరల ప్రకారం 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకు యూనిట్‌కు రూ.5.10, ఆపై నూటికి రూ.7.70 చొప్పున లెక్కిస్తారు. అంటే 210 యూనిట్లు కాలిస్తే రూ.1,097 విద్యుత్ చార్జీ, దానిపై స్థిర చార్జీ, సుంకం అదనం. పది యూనిట్ల తొందరపాటుకు దాదాపు ఒక సిలిండర్ ధర చెల్లించినట్లే.

సిలిండర్‌లో ఎన్ని యూనిట్లు?

గ్యాసును, కరెంటును ఒకే తక్కెడలో తూచడం కష్టమేమీ కాదు. 14.2 కిలోల సిలిండర్‌లోని ఇంధనం సుమారు 180 యూనిట్ల విద్యుత్తుతో సమానం. అయితే పొయ్యి మీద ఆ వేడి అంతా గిన్నెకు చేరదు. భారతీయ ప్రమాణాల ప్రకారం గృహ వినియోగ గ్యాస్ పొయ్యి కనీసం 68 శాతం వేడిని గిన్నెకు అందించాలి. మిగిలింది గాలిలో కలుస్తుంది. ఆ లెక్కన వంటకు పనికివచ్చేది 122 యూనిట్లు. ఇండక్షన్ స్టవ్‌లో గిన్నె అడుగే వేడెక్కుతుంది కనుక వృథా తక్కువ. దాని సామర్థ్యాన్ని 85 శాతంగా తీసుకుంటే సిలిండర్ చేసే పనికి సుమారు 145 యూనిట్ల కరెంటు సరిపోతుంది.

2025 ఏప్రిల్‌లో రూ.50 పెరిగిన తరువాత హైదరాబాద్‌లో సిలిండర్ ధర రూ.905కు చేరింది. దానిని 145తో భాగిస్తే రూ.6.24 వస్తుంది. పూర్తి ధరకు గ్యాస్ కొనే కుటుంబానికి యూనిట్ ఇంతకన్నా చౌకగా పడితే ఇండక్షన్ మేలు, ఎక్కువ పడితే గ్యాసే మేలు. ఫ్రిజ్, కూలర్, మోటారుతో ఇప్పటికే 200 దాటిన ఇంట్లో అదనపు యూనిట్ రూ.7.70 కనుక ఇండక్షన్ నష్టదాయకం. రేషన్‌కార్డు లేకపోయినా నెలకు నూటయాభై లోపు వాడే చిన్న కుటుంబానికి అదనపు యూనిట్ రూ.4.80కే వస్తుంది కనుక లాభం. వీరికీ 200 దగ్గర గండం ఉంది. సరిగ్గా 200 యూనిట్లకు రూ.820 అయ్యే చార్జీ, ఒక్క యూనిట్ పెరిగితే రూ.1,027 దాటుతుంది.

రూ.500కు సిలిండర్ అందుకునే ఇంటి లెక్క వేరు. అక్కడ గ్యాస్ యూనిట్ రూ.3.45కే పడుతున్నట్లు. సున్నా బిల్లు రాని నెలలో ఏ ఇండక్షనూ దానితో పోటీ పడలేదు. అయితే ముందు పూర్తి ధర చెల్లించాలి, రాయితీ తరువాత ఖాతాలో జమ అవుతుంది. గత మూడేళ్ల సగటు వాడకాన్ని బట్టి ఏటా ఇన్ని సిలిండర్లని పరిమితి కూడా ఉంది. అందువల్ల గ్యాస్‌ను పొదుపుగా వాడుకోవడం వీరికీ అవసరమే.

ఆచరణలో చేయవలసింది ఒక్కటే. బిల్లు తీసిన నాటి రీడింగ్‌ను గోడ మీద రాసి పెట్టుకోవాలి. ఇరవయ్యో రోజున మీటరు చూడాలి. అప్పటికి 130 దాటితే ఇండక్షన్‌కు సెలవివ్వాలి. 1,600 వాట్ల స్టవ్ రోజుకు అరగంట వాడితే నెలకు 24 యూనిట్లు. చలికాలంలో ఇది భారం కాదు. ఏప్రిల్, మే నెలల్లో కోటగుట్ట బండ సెగలు కక్కుతూ ఇంటింటా కూలర్ తిరిగే రోజుల్లో ఈ 24 యూనిట్లే కొంప ముంచుతాయి. ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ విషయంలో మరో జాగ్రత్త ఉంది. అన్నం ఉడికాక 'వార్మ్'లో ఉంచి వదిలేస్తే అది కరెంటు తీసుకుంటూనే ఉంటుంది.

మరుగుతున్న నీళ్లకు మంట పెంచితే..

లీటరు నీటిని 28 డిగ్రీల నుంచి మరిగే స్థితికి తేవడానికి 72 కిలోకేలరీలు చాలు. అదే లీటరు ఆవిరైపోవడానికి 540 కావాలి. మరిగిన నీరు ఎంత మంట పెట్టినా 100 డిగ్రీలు దాటదు, పప్పు త్వరగా ఉడకదు, గ్యాస్ మాత్రం ఆవిరవుతుంది. పొంగు రాగానే మంట సిమ్‌లో పెట్టి, మూత వేయడంలోని రహస్యం ఇదే. ప్రెషర్ కుక్కర్‌లో ఒత్తిడి వల్ల వేడి 120 డిగ్రీల వరకు చేరుతుంది. సాధారణ గిన్నెతో పోల్చితే కుక్కర్ వల్ల బియ్యానికి 20 శాతం, నానిన శనగపప్పుకు 46 శాతం ఇంధనం మిగులుతుందని పెట్రోలియం పొదుపు పరిశోధన సంఘం ప్రచారం చేసింది. మొదటి విజిల్ తరువాత మంట తగ్గించకుండా ఏడెనిమిది విజిళ్లు కొట్టిస్తే ఆ మిగులులో చాలాభాగం ఆవిరితో పోతుంది.

గంజి వార్చే పద్ధతిలో అదనపు నీళ్లను మరిగించి పారబోస్తున్నామన్నది నిజమే. గంజిలో ఉప్పు వేసుకుని తాగేవారూ, పశువుల కుడితిలో కలిపేవారూ దీనిని నష్టంగా భావించనవసరం లేదు. రాత్రి పూట పచ్చిపులుసుతో సరిపెట్టుకునే ఇంట్లో పొయ్యి ఎలాగూ ఒకసారి తక్కువ వెలుగుతుంది. జొన్నరొట్టెకు మాత్రం గ్యాస్ మంటే కుదురుతుంది. పెనం అంచుల దాకా సమంగా కాగాలి, రొట్టె పొంగాలి. ఇండక్షన్ మీద అడుగు సమంగా ఉండి, అయస్కాంతం అతుక్కునే పాత్రలే పనిచేస్తాయి. అల్యూమినియం గిన్నెలు పనికిరావు.

ఉమ్మడి నల్లగొండ ప్రాంతానికి ప్రత్యేకమైన అంశం బోరు నీరు. ఫ్లోరైడ్ సమస్య అందరికీ తెలిసిందే కానీ, చాలాచోట్ల ఈ నీటి కఠినత్వం వంటపైనా ప్రభావం చూపుతుంది. కఠిన జలంలోని కాల్షియం పప్పుగింజల పొరను గట్టిపరచి ఉడికే సమయాన్ని పెంచుతుంది. గిన్నె అడుగున తెల్లని సున్నపు పొర పేరుకుని వేడిని అడ్డుకుంటుంది. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వెలసిన మిషన్ భగీరథ నల్లా నీరు వచ్చే ఇళ్లలో పప్పుకు, టీకి ఆ నీటినే వాడితే గ్యాస్ కలిసి వస్తుంది. శనగలు, అలసందలు రాత్రే నానబెట్టుకోవాలి.

గ్యాస్ మీద స్నానాల నీళ్లు కాచడం అన్నిటికన్నా పెద్ద దుబారా. పదిహేను లీటర్ల బకెట్‌ను 17 డిగ్రీలు వేడి చేయాలంటే సుమారు 35 గ్రాముల గ్యాస్ కావాలి. నలుగురికి నెలంతా కాస్తే నాలుగు కిలోలు దాటుతుంది, అంటే సిలిండర్‌లో మూడో వంతుకు దగ్గర. పత్తికట్టె దొరికే పల్లెల్లో వాకిట్లో నీళ్ల పొయ్యి మేలు. అది ఇంటి బయట ఉంటేనే పొగ బెడద తప్పుతుంది.

మంట నీలిరంగులో ఉందో లేదో రోజూ గమనించాలి. పసుపు మంట వచ్చి గిన్నె మసిబారితే బర్నర్ రంధ్రాలు పూడుకున్నట్లు. పెద్ద బర్నర్ మీద చిన్న గిన్నె పెడితే అంచుల చుట్టూ లేచే మంట గాలికే పోతుంది.

సిలిండర్ తీసుకునేటప్పుడు తూకం అడగడం వినియోగదారుల హక్కు. ఖాళీ సిలిండర్ బరువు దానిపైనే రాసి ఉంటుంది. దానికి 14.2 కిలోలు కలిపి చూసుకోవాలి. గ్యాస్ అయిపోవస్తున్నప్పుడు సిలిండర్‌ను పడుకోబెట్టడం, వేడినీళ్లలో ఉంచడం కొన్ని ఇళ్లలో కనిపించే అలవాటు. ఇది అత్యంత ప్రమాదకరం. సురక్ష పైపును ఐదేళ్లకు ఒకసారి మార్చాలి. గ్యాస్ గాలికన్నా బరువు కనుక లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా, రెగ్యులేటర్ మూసి, తలుపులు తెరిచి, బయటకు వచ్చి 1906 నంబరుకు ఫోన్ చేయాలి.