గాజు పెట్టె వెనక పని

అపోహ: మ్యూజియం అంటే పాత వస్తువులు దాచే చోటు.

వాస్తవం: దాచడం దాని పనుల్లో ఒకటి మాత్రమే. 2022లో ప్రాగ్‌లో అంతర్జాతీయ మ్యూజియం మండలి ఆమోదించిన నిర్వచనంలో పరిశోధన, సేకరణ, సంరక్షణలతో పాటు అందరికీ ప్రవేశం, స్థానిక ప్రజల భాగస్వామ్యం కూడా చేరాయి.

అపోహ: ప్రభుత్వ రక్షణలోకి వచ్చిన శిల్పానికి ఇక భయం లేదు.

వాస్తవం: ప్రకాశం జిల్లా చందవరంలో ఏం జరిగిందో చూడండి. అక్కడి బౌద్ధ స్థలంలో 1970లలో తవ్వకాలు జరిగాయి. బుద్ధుణ్ణి కొలుస్తున్న భక్తులను చెక్కిన ఫలకం ఒకటి, సుమారు మూడో శతాబ్దం నాటిది, ప్రభుత్వ రక్షణలో ఉండగానే అక్కడినుంచి దొంగల పాలైంది. 2005లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ దాన్ని న్యూయార్క్ వ్యాపారి దగ్గర కొన్నది. అమ్మినవాళ్లు చూపిన కాగితాల్లో అది 1960లలోనే చేతులు మారినట్టు ఉంది. ఆ తర్వాత కూడా ఫలకం మన దేశంలోనే ఉందని చూపే ఫొటో బయటపడింది. అంతటితో కాగితాల కథ కూలిపోయింది. 2016లో ఆస్ట్రేలియా దాన్ని మనకు అప్పగించింది.

తాళం ఆపలేని దొంగతనాన్ని ఒక ఫొటో పట్టిచ్చింది. అందుకే క్యూరేటర్ పనుల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది రిజిస్టరు రాయడమే అంటాను: వస్తువుకో నంబరు, కొలతలు, దొరికిన చోటు, పగుళ్లు, నాలుగు వైపులా ఫొటోలు. ఫొటో లేని విగ్రహం పోతే అది మనదని ఏ కోర్టులో నిరూపిస్తాం? కేంద్ర ప్రభుత్వ మ్యూజియంలు కొన్ని 'జతన్' అనే సాఫ్ట్‌వేర్‌తో ఈ వివరాలను కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాయి. మన జిల్లాల్లోని చిన్న మ్యూజియంలకు ఈ పని ఇంకా ఎక్కువ అవసరం. కాపలా తక్కువ ఉండేది అక్కడే.

అపోహ: ఉన్నవన్నీ చూపకపోతే జనం దగ్గర దాచినట్టే.

వాస్తవం: ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో రెండు లక్షలకు పైగా వస్తువులున్నాయి. అన్నీ ఒకేసారి పెట్టే గోడలు ఎక్కడా ఉండవు. పైగా తాళపత్రాలు, పట్టుబట్టలు, కాగితం మీది చిత్రాలు వెలుతురుకు వెలిసిపోతాయి. పోయిన రంగు మళ్లీ రాదు. వాటి మీద 50 లక్స్‌కు మించి వెలుగు పడకుండా చూస్తారు, కొన్నాళ్లు చూపి లోపల పెట్టేస్తారు. గది చీకటిగా ఉందని విసుక్కునే సందర్శకులకు ఈ సంగతి ఒక బోర్డు మీద రాసి చెప్పాలి. చెప్పకపోవడం నిర్వాహకుల తప్పే.

అపోహ: హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్ మ్యూజియం మూడో సాలార్‌జంగ్ ఒక్కడి సేకరణ.

వాస్తవం: అక్కడి పేరున్న పాలరాతి శిల్పం 'మేలిముసుగు రెబెకా'ను 1876లో రోమ్‌లో కొన్నది ఆయన తాత, మొదటి సాలార్‌జంగ్. 1951లో సాలార్‌జంగ్‌ల నివాసమైన దివాన్ దేవిడిలో మ్యూజియం తలుపులు జనానికి తెరిచారు. 1961లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. ఇప్పుడు దాన్ని తెలంగాణ గవర్నర్ అధ్యక్షతన ఒక బోర్డు నడుపుతోంది. అంటే అది మనందరి ఆస్తి, లెక్క అడిగే హక్కూ మనదే. ఈసారి మీ జిల్లా మ్యూజియంకు వెళ్తే ప్రతి శిల్పం పక్కన అది ఏ ఊళ్లో దొరికిందో రాశారా చూడండి. లేకపోతే సందర్శకుల పుస్తకంలో ఆ ప్రశ్న రాసి రండి.