ఎవరు ఎవరికి 'అచ్చియున్నారు'?

భూపాలపల్లి వైపు గోదావరి గట్టు పల్లెల్లో 'అచ్చిండు' అంటే 'వచ్చాడు' అని అర్థం. అలాంటి పల్లెలోని మందిరంలో రోమా పత్రిక 13వ అధ్యాయం 8వ వచనం చదివితే, అందులోని 'అచ్చియుండు' అన్న క్రియ కొత్తగా సంఘంలో చేరినవారికి తికమకగానే ఉంటుంది. ఎవరు రాకూడదంటున్నాడు పౌలు? ఎక్కడికి?

పాత తెలుగులో 'అచ్చు' అంటే బాకీపడడం. చెల్లించవలసింది ఇంకా చెల్లించకుండా ఉన్నవాడు అచ్చియున్నవాడు. నష్టం పూడ్చడాన్ని 'అచ్చుకొను' అనేవారు. మూత వేయని గోతిలో ఎద్దో గాడిదో పడి చస్తే గోతి యజమాని ఏం చేయాలో నిర్గమకాండము 21వ అధ్యాయం చెబుతుంది. అక్కడ మన తెలుగు బైబిలు వాడింది ఈ మాటనే. బైబిలు తెనిగింపు పని కోస్తాలో, 1805లో విశాఖపట్నం చేరిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్‌లతో మొదలైంది. జనగామ, మహబూబాబాద్ పల్లెల్లో మాత్రం అప్పుకు వేరే మాటలున్నాయి. బాకీ, ఉద్దెర, చేబదులు, మిత్తి. 'అచ్చియుండు' ఇక్కడ మందిరం లోపల మాత్రమే వినిపించే మాటగా ఉండిపోయింది.

మాట దూరమైనా బరువు దూరం కాలేదు. ఈ మూడు జిల్లాలూ 2016లో ఏర్పడ్డాయి. అంతకు ముందు వీటిలో చాలా భాగం వరంగల్ జిల్లాలోనిదే. 1997 చివర, 1998 మొదట్లో ఆ జిల్లాలో పత్తిని పొగాకు లద్దెపురుగు తినేసింది. ఉద్దెరకు తెచ్చిన మందులు పనిచేయలేదు, బాకీ మాత్రం మిగిలింది. ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. కాబట్టి ఈ వచనాన్ని మనం ఎలా బోధిస్తున్నామన్నది చిన్న సంగతి కాదు. అప్పు చేయడమే పాపమని చెబితే, విత్తనాలకు చేయిచాచక తప్పని కౌలురైతు ఆదివారం ఆరాధనలోనూ తలదించుకునే కూర్చుంటాడు.

పౌలు ఆ మాట అనలేదు. దానికి ముందు వచనంలో పన్ను, సుంకం, భయం, గౌరవం ఎవరికి చెందవలసింది వారికి ఇచ్చేయమంటాడు. ఆ వరుసలోనే, ఇవ్వవలసింది బిగబట్టుకుని ఉండవద్దంటాడు, ప్రేమ అనే ఒక్క బాకీని మినహాయించి. బీదవానికి అప్పివ్వమని ధర్మశాస్త్రమే ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయంలో చెబుతుంటే, పుచ్చుకున్నవాడు పాపి ఎలా అవుతాడు? పైగా పత్తి ఏరించుకుని, కూలి డబ్బులు సంక్రాంతి దాటాక చూద్దామనే ఆసామి కూడా అచ్చియున్నవాడే. కోత కోసినవారి కూలి బిగబడితే ఆ కూలే మొర పెడుతుందని యాకోబు రాశాడు. ఈ కోణంలో ప్రసంగాలు తక్కువగా వినిపిస్తాయి, ఎందుకో!

పౌలు వాడిన గ్రీకు క్రియ 'ఒఫెయిలో'. మత్తయి 18వ అధ్యాయంలో యేసుప్రభువు చెప్పిన ఇద్దరు దాసుల కథలోనూ ఆ క్రియే కనిపిస్తుంది. ఒక దేనారం ఒక రోజు కూలి. తలాంతు అంటే సుమారు 6,000 దేనారాలు. పదివేల తలాంతులంటే 6 కోట్ల రోజుల కూలి, ఏడాదికి 300 రోజుల లెక్కన 2 లక్షల సంవత్సరాల పని! రెండో దాసుడి బాకీ నూరు దేనారాలు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం ఏడాదికి 100 రోజుల పని అని రాసుకుంది. ఇంచుమించు అంత. కూలివాడికి అది చిన్న మొత్తం కాదు. ప్రభువు కూడా దాన్ని చిన్నదనలేదు, పక్కన పదివేల తలాంతులు పెట్టి చూపించాడంతే.

ప్రభువు నేర్పిన ప్రార్థనలో మత్తయి 'ఋణములు' అంటే లూకా 'పాపములు' అన్నాడు. ఆయన మాట్లాడిన అరమాయికు భాషలో 'హోబా' అన్న ఒక్క మాటకే ఆ రెండర్థాలూ ఉన్నాయి. మనకిది వింతేమీ కాదు. ఉర్దూ నుంచి వచ్చిన 'మాఫీ' కూడా అంతే కదా, తప్పుకూ మాఫీయే, అప్పుకూ మాఫీయే. 2024 జూలై 18 నుంచి ఆగస్టు 15 వరకు ప్రభుత్వం మూడు విడతల్లో 2 లక్షల దాకా పంటరుణాలు మాఫీ చేసినప్పుడు పల్లెల్లో ఈ మాట నోళ్లలో నానింది. అయితే అది బ్యాంకు బాకీకే. అడ్తిదారు దగ్గర, నోటు రాసి తెచ్చిన చోట ఉన్న బాకీ దాని లెక్కలోకి రాదు.

నోటు రాయించుకున్నవారిలో విశ్వాసులు లేరా? నెహెమ్యా 5వ అధ్యాయంలో పొలాలు తాకట్టు పెట్టిన జనం మొర విని, ఆయన తిరిగి ఇచ్చేయమన్నవాటిలో నూరవ భాగం వడ్డీ ఒకటి. అది నెలకు అని చాలామంది పండితుల అభిప్రాయం. మన భాషలో నూటికి రూపాయి మిత్తి! అంతకంటే ఎక్కువ తీసుకుంటూ కానుక పెట్టెలో దశమభాగం వేసేవారు ఆ అధ్యాయం ఒకసారి చదువుకోవాలి.

ఫిలేమోను పత్రికలోనూ ఇదే క్రియ వస్తుంది. పారిపోయిన ఒనేసిము యజమానికి ఏదైనా బాకీపడి ఉంటే దాన్ని తన లెక్కలో వేయమంటాడు పౌలు, జమానతు నిలబడినట్లు. తీరుస్తానని స్వహస్తంతో రాసి ఇస్తాడు, అప్పటికి తానే ఖైదీగా ఉండి. ఆ వెంటనే ఫిలేమోనుకు మెల్లగా ఇంకో లెక్క గుర్తుచేస్తాడు: నువ్వు నాకు నీ ప్రాణమే బాకీ ఉన్నావని.